రెండో పేజీని ఇంకా ఎందుకు మోయాలి?

సంపాదకులకు నమస్కారం.

కథలు, వంటలు, ఊరి చరిత్రలు, సేద్యం సలహాలు, పాత సినిమాల ముచ్చట్లు... ఒకరో ఇద్దరో పూనుకుని నడిపే సొంత వెబ్‌సైట్లు తెలుగులో ఇప్పటికీ చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నింట ప్రతి వ్యాసానికీ రెండేసి పేజీలు తయారవుతుంటాయి. ఒకటి మామూలు పేజీ. రెండోది దానికి నకలు, చిరునామా చివర ‘ఆంప్’ (amp) అనే తోకతో ఉంటుంది. ఆ నకలు పాఠకుడి కోసం పుట్టింది కాదు, గూగుల్ అడిగితే పెట్టింది. అడగడం గూగుల్ 2021లోనే మానేసింది. ఆ సంగతి తెలియక కొందరు ఇంకా మోస్తున్నారు. తెలిసినవాళ్లలో కొందరు ఒక్క మీటతో తీసేసి, వచ్చే పాఠకుల్ని పోగొట్టుకుంటున్నారు. సైట్ల నిర్వహణ పని చేసేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పొడుగైంది, వీలైతే పూర్తిగా వేయండి.

ముందు ఇది ఎలా వచ్చిందో చెప్పాలి. 2015లో ఫేస్‌బుక్ ‘ఇన్‌స్టంట్ ఆర్టికల్స్’ మొదలుపెట్టింది, యాపిల్ తన ‘న్యూస్’ యాప్ తెచ్చింది. రెండూ వ్యాసాలను తమ యాప్‌లోనే చూపించే ఏర్పాట్లు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ‘యాక్సిలరేటెడ్ మొబైల్ పేజెస్’ ప్రకటించింది. పొట్టిగా ఆంప్. 2016 ఫిబ్రవరి నుంచి మొబైల్ సెర్చ్‌లో పైన కనిపించే ‘టాప్ స్టోరీస్’ వరుసలోకి ఆ పేజీలు వచ్చాయి. ఫోన్‌లో ఆ వరుసలో చోటు కావాలంటే ఆంప్ పేజీ ఉండి తీరాలన్న షరతు 2021 జూన్ దాకా నడిచింది. ఆంప్ ఉంటే ర్యాంకు పెరుగుతుందని గూగుల్ ఎప్పుడూ అనలేదు, నిజమే. కానీ ఫోన్ తెరమీద అన్నింటికన్నా పైన ఉండే వరుసలోకి ఆంప్ లేనివాళ్లను రానివ్వనప్పుడు ర్యాంకు మాట ఎత్తాల్సిన పనేముంది?

వేగం అడగడం తప్పని మేం అనడం లేదు. అప్పటి వార్తా సైట్లు, తెలుగువి సహా, చూడలేనట్టుండేవి. నాలుగు పేరాల వార్తకు పది రకాల ప్రకటనల స్క్రిప్టులు, చదువుతుంటే కిందికి జారిపోయే అక్షరాలు, మూసేద్దామంటే దొరకని ఇంటూ గుర్తు. మూడో తరం నెట్‌వర్కు మీద, తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లో అది నరకం. జబ్బు నిజమే, మందే వేరేది ఇవ్వాల్సింది.

ఆంప్‌లో మూడు భాగాలున్నాయి. మొదటిది, పేజీని రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్‌కు కత్తిరించిన రూపం. పేజీలో పనులు చేయించే సొంత జావాస్క్రిప్ట్ కోడు పెట్టకూడదు. 2019 తర్వాత 150 కేబీ లోపు, అదీ వాళ్లు చెప్పిన చట్రంలోనే, కొంత వెసులుబాటు ఇచ్చారు. ఫొటోకు మామూలు ట్యాగు (హెచ్‌టీఎమ్‌ఎల్ ఆదేశం) బదులు ఆంప్ ట్యాగు వాడాలి, వెడల్పూ ఎత్తూ ముందే రాయాలి. రూపురేఖలు చెప్పే సీఎస్‌ఎస్ అంతా పేజీలోపలే, మొదట్లో 50 వేల బైట్లకు, తర్వాత 75 వేల బైట్లకు మించకుండా ఉండాలి. రెండోది ఆంప్ ప్రాజెక్టు సర్వర్ నుంచి దిగే స్క్రిప్టు. ఏ బొమ్మ ఎప్పుడు దిగాలో, ఏ ప్రకటన ఎప్పుడు తెరుచుకోవాలో అది నిర్ణయిస్తుంది. మూడోది క్యాష్. గూగుల్ మన పేజీకి నకలు తీసి తన సర్వర్లలో పెట్టుకుని, సెర్చ్‌లో నొక్కినవాళ్లకు అక్కడి నుంచే చూపిస్తుంది.

నొక్కగానే పేజీ ప్రత్యక్షమవడానికి ప్రధాన కారణం ఈ మూడోదే. సెర్చ్ ఫలితాలు తెరమీద ఉండగానే, పాఠకుడు ఇంకా ఏదీ నొక్కకముందే, ఆంప్ పేజీ మొదటి తెరంత మేర వెనకాల తయారై ఉండేది. మామూలు సైట్లకు ఆ సౌకర్యం ఎందుకు ఇవ్వలేదంటే, గూగుల్ చెప్పిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు. నొక్కకముందే మన సర్వర్ నుంచి పేజీ తెప్పిస్తే, ఫలానా మనిషి ఫలానా విషయం వెతుకుతున్నాడని మన సర్వర్‌కు తెలిసిపోతుంది. నకలు గూగుల్ దగ్గరే ఉంటే ఆ సమాచారం బయటికి పోదు. సరే. కానీ అప్పుడు వేగం వచ్చింది ముందుగా తెప్పించడం వల్ల, సొంత సర్వర్లలో దాచడం వల్ల. ఆ వేగాన్ని ఆంప్ హెచ్‌టీఎమ్‌ఎల్ గొప్పతనంగా లెక్కగట్టారు. అదే ఆంప్ పేజీని సెర్చ్ నుంచి కాకుండా నేరుగా మన సైట్లో తెరిస్తే ఆ మెరుపు ఉండదు. పైగా, ఆంప్ పేజీ తలలో తప్పనిసరిగా పెట్టాల్సిన ఒక సీఎస్‌ఎస్ ముక్క, ఆ స్క్రిప్టు వచ్చేదాకా పేజీ మొత్తాన్ని కనపడకుండా దాస్తుంది. ఏ కారణం చేతనైనా స్క్రిప్టు రాలేదా, ఎనిమిది సెకన్లపాటు ఖాళీ తెర. ప్రకటనల్ని ఆపే బ్రౌజర్లు వాడేవాళ్లు కొందరు ఈ తెల్లతెర చూసి సైటు చచ్చిపోయిందనుకునేవారు.

చిన్న సైట్లు పోగొట్టుకున్నవాటిలో మొదటిది చిరునామా. పేజీ గూగుల్ డొమైన్ కింద తెరుచుకునేది. పాఠకుడు లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే గూగుల్ చిరునామాయే పోయేది. ఇల్లు మనదే, గుమ్మం మీది పేరు మాత్రం ఇంకొకరిది. 2017లో అసలు చిరునామా చూపే చిన్న బొత్తాం పెట్టారుగానీ, దాన్ని నొక్కేవాళ్లెందరు? టాప్ స్టోరీస్ నుంచి వచ్చిన పాఠకుడు వేలితో పక్కకు జరిపితే పక్క వ్యాసం వచ్చేది, అదీ వేరే సైటుది. మన ముఖపుటకు దారితీసే మెనూ కన్నా పోటీ సైటే దగ్గర. చిరునామా చూసి సైటును నమ్మాలో వద్దో తేల్చుకోమని ఒకపక్క జనానికి చెబుతూ, ఇంకోపక్క అందరి పేజీలనూ ఒకే పేరు కింద చూపిస్తే మోసగాళ్లకు పండగే. గూగుల్ పేరుతో మొదలయ్యే ఆంప్ లింకుల వెనక దొంగ లాగిన్ పేజీలు దాచిన సందర్భాలు ఉన్నాయి.

చిరునామా చిక్కు తీర్చడానికి 2019లో ‘సైన్డ్ ఎక్స్‌ఛేంజ్’ అనే పద్ధతిని క్రోమ్‌లో పెట్టారు. పేజీ గూగుల్ నుంచే వచ్చినా, మన సంతకం ఉంటే చిరునామా గడిలో మన పేరే కనిపిస్తుంది. దానికి ప్రత్యేకమైన సర్టిఫికెట్ కావాలి, దాని గడువు 90 రోజులు. ఒక్కో పేజీ మీది సంతకం ఏడు రోజులకు మించి చెల్లదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సైటు చూసుకునేవాళ్లకు ఇది అయ్యే పనేనా? ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అయితే ఈ పద్ధతి వెబ్‌కు హానికరమని తేల్చి, తన బ్రౌజర్లోకి రానివ్వలేదు.

రెండో నష్టం లెక్కలు. నకలు చూసినవాళ్లు మన సర్వర్ దాకా రారు, కాబట్టి మన సర్వర్ లాగ్‌లో ఉండరు. ఆంప్‌కు విడిగా గణాంకాల ట్యాగు పెట్టుకుంటే కనబడతారుగానీ, క్యాష్‌లో ఒక వ్యాసం చదివి అక్కడి నుంచి మన సైటుకు వచ్చిన ఒకే మనిషి ఇద్దరుగా నమోదవుతాడు, డొమైన్ మారింది గనక. రెండింటినీ కలిపే ఏర్పాటు ఉంది, చేసుకున్నవాళ్లు తక్కువ.

మూడోది, మేం అన్నింటికన్నా పెద్దదిగా చూసేది, తప్పు దిద్దుకునే హక్కు. వ్యాసంలో ఒక పేరో అంకో తప్పు పడింది, దిద్దారు. మన పేజీ వెంటనే మారుతుంది. క్యాష్‌లోది మారదు. దాని పద్ధతేమిటంటే, ఎవరైనా అడిగినప్పుడు ఉన్న పాత నకలు ఇచ్చేసి, ఆ తర్వాత కొత్తది తెచ్చుకుంటుంది. అంటే దిద్దాక వచ్చిన పాఠకుడికి కూడా పాత తప్పే కనిపించవచ్చు. రోజుకు లక్షమంది చదివే వార్తయితే క్షణాల్లో సర్దుకుంటుంది. నెలకు నలుగురు చదివే పాత వ్యాసమైతే, ఆ నలుగురిలో మొదటివాడు తప్పునే చదువుతాడు. పరువుకు సంబంధించిన దిద్దుబాటైతే ఇది చిన్న విషయం కాదు. వెంటనే మార్చమని అడిగే దారి ఉంది, దానికి తాళంచెవి జత తయారుచేసి ప్రతి అభ్యర్థన మీదా సంతకం పెట్టాలి. చిన్న సైట్లు ఆ జోలికి పోలేదు.

ఇక చాకిరీ సంగతి. ఆంప్ పేజీలో చెల్లని ట్యాగు ఒక్కటున్నా పేజీ మొత్తం చెల్లదు, క్యాష్ తీసుకోదు. పదేళ్ల కిందటి వ్యాసంలో ఎవరో అతికించిన యూట్యూబ్ ముక్క, వర్డ్ నుంచి తెచ్చినప్పుడు వెంటవచ్చిన చెత్త ట్యాగులు చాలు. వ్యాఖ్యల పెట్టెను ఐఫ్రేమ్‌లో (పేజీలోపల ఇంకో పేజీని చూపే చట్రంలో) పెడదామంటే అది పైనుంచి కనీసం 600 పిక్సెళ్ల కిందగానీ, మొదటి తెరలో నాలుగింట మూడు వంతులు దాటాకగానీ ఉండాలి. చందా అడిగే పెట్టె, ఈమెయిలు తీసుకునే పెట్టె, ఊళ్లో దుకాణదారు ఇచ్చిన ప్రకటన మీద ఎంతమంది నొక్కారో లెక్కపెట్టే స్క్రిప్టు అన్నీ ఆంప్ పద్ధతిలో మళ్లీ చేయాలి. పెద్ద సంస్థకు ఆ పనికి మనుషులుంటారు. చిన్న సైటువాళ్లు ఏదో ప్లగిన్ (సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాము) వేసి వదిలేశారు. అందుకే ఆ నకలు పేజీల్లో చందా పెట్టె లేదు, వ్యాఖ్యలు లేవు, ప్రకటన సగం ఉంది. ఎక్కువ పాఠకులు వచ్చే పేజీయే తక్కువ సంపాదించే పేజీ అయింది.

ఈ గోడు ఇక్కడిదే కాదు. 2018 జనవరిలో వెబ్ రంగంలో పనిచేసేవాళ్లు చాలామంది సంతకాలు చేసి గూగుల్‌కు బహిరంగ లేఖ రాశారు. అడిగింది రెండే: ఆంప్‌లో ఉన్నదనే కాదు, వేగంగా ఉన్న పేజీ ఏదైనా సమానంగా చూడండి, ఇతరుల పేజీని గూగుల్ చిరునామా కింద చూపడం మానండి. 2020 డిసెంబరులో అమెరికాలో టెక్సాస్ నేతృత్వాన కొన్ని రాష్ట్రాలు వేసిన దావాలో ఆంప్ ప్రస్తావన ఉంది. ఆంప్ కాని ప్రకటనలను కావాలని ఒక సెకను ఆలస్యం చేశారన్నది అందులోని ఒక ఆరోపణ. ఆరోపణేగానీ తీర్పు కాదు. మన దగ్గర, డిజిటల్ వార్తా ప్రచురణకర్తల సంఘం ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్‌పై విచారణకు ఆదేశించింది. ఆంప్ కోసం అద్దంలో బొమ్మలాంటి రెండో సైటు కట్టుకోవాల్సి వస్తోందన్నది ఆ ఫిర్యాదులో ఒక అంశం. ఆ సంఘం పెద్ద పత్రికలది. చిన్న సైట్ల తరఫున కమిషన్ ముందు నిలబడే సంఘమేదీ మాకు కనబడలేదు.

2021 జూన్ నుంచి ఆగస్టు వరకు గూగుల్ చేసిన మార్పులో ఆంప్ షరతు పోయింది, ఫలితాల పక్కన ఉండే మెరుపు గుర్తూ పోయింది. ఆ స్థానంలో మూడు కొలతలు వచ్చాయి. అవి ఏ పేజీకైనా ఒకటే. వాటి సంగతికి తర్వాత వస్తాం. ముందు రెండో పేజీని దించుకునే పద్ధతి.

ప్లగిన్‌ను ఆపేయడమే అందరూ చేసే పొరపాటు. ఆపగానే ఆంప్ తోక ఉన్న చిరునామాలన్నీ ‘పేజీ లేదు’ అనే సందేశం ఇస్తాయి. సెర్చ్‌లోనూ, వాట్సాప్ గుంపుల్లోనూ, ఎవరో రాసిన వికీపీడియా వ్యాసంలోనూ ఉన్నవి ఆ లింకులే. కాబట్టి వరుస ఇదీ. మొదట మామూలు పేజీని ఫోన్లో తెరిచి, అది చదవదగ్గట్టుగా ఉందో లేదో చూడండి. ఇన్నేళ్లుగా ఫోన్ పాఠకులు దాన్ని చూసే ఉండరు. తర్వాత, మామూలు పేజీ తలలో ‘నా ఆంప్ నకలు ఫలానా చోట ఉంది’ అని చెప్పే లింకు ట్యాగును తీసేయండి. దానితోపాటే ఆంప్ చిరునామాల నుంచి మామూలు చిరునామాకు 301 దారిమళ్లింపు (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పి కొత్త చోటికి పంపే సర్వర్ ఆదేశం) పెట్టండి. ఈ రెండూ ఒకేసారి జరగాలి. దారిమళ్లింపును కనీసం ఏడాది ఉంచాలి, ఎప్పటికీ ఉంచినా నష్టం లేదు.

దారిమళ్లింపు నియమం రాసేటప్పుడే తప్పులు జరుగుతాయి. ప్లగిన్‌ను బట్టి ఆంప్ చిరునామా రెండు రకాలు: చివర ఏటవాలు గీతపెట్టి ఆంప్ అని రాసేది ఒకటి, ప్రశ్నగుర్తు తర్వాత ఆంప్ సమానం ఒకటి అని రాసేది ఇంకొకటి. రెండూ ఉన్న సైట్లున్నాయి, ఎప్పుడో ప్లగిన్ మార్చి ఉంటారు. రెండింటికీ విడివిడిగా నియమాలు కావాలి. ‘చిరునామాలో ఆంప్ అని ఎక్కడున్నా’ అని రాస్తే మాత్రం కొంప మునుగుతుంది. తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన చిరునామాలు మనకు ఎక్కువ. అంపశయ్య మీది భీష్ముడి గురించిన వ్యాసం, పెళ్లి అంపకాల పాటల పేజీ, చంపూకావ్యాల మీది వ్యాసం, అన్నింటిలోనూ ఆ మూడక్షరాలున్నాయి. అవన్నీ ఎటో పోతాయి. చివరి గీత తర్వాత అదొక్కటే ఉంటేనే మళ్లించమని రాయాలి.

తెలుగు లిపిలోనే చిరునామాలు పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఒక్కో తెలుగు అక్షరసంకేతం యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో మూడు బైట్లు, చిరునామాలోకి వచ్చేసరికి శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాల పొడుగు. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఈ భాగాన్ని 200 అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. అంటే ఇరవై రెండు సంకేతాలు, గుణింతపు గుర్తులూ పొల్లులూ కలిపి. శీర్షిక సగంలో తెగిన చిరునామాలు అందుకే వస్తాయి. దారిమళ్లింపులో మనం సర్వర్‌కు వచ్చిన ముడి అభ్యర్థనను పట్టుకుని తిరగరాస్తే, శాతం గుర్తు తానే మరోసారి మారిపోయి, ప్రతి శాతం గుర్తు వెంట 25 అనే అంకె చేరుతుంది, పేజీ దొరకదు. అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ముడి అభ్యర్థనకు బదులు విప్పిన దారి మీద నియమం రాయండి, లేదా మళ్లీ సంకేతించవద్దని చెప్పే జెండాను చేర్చండి. పెట్టాక ఓ పది వ్యాసాలు, వాటిలో తెలుగు చిరునామావి కొన్ని ఉండేలా ఎంచుకుని, ఫోన్లో అజ్ఞాత కిటికీ తెరిచి ఒక్కొక్కటీ నొక్కి చూడండి.

వెబ్ స్టోరీలు (తెర నిండా బొమ్మలతో, నొక్కుతూ చూసే కథనాలు) పెట్టేవాళ్లు జాగ్రత్త. అవి ఇప్పటికీ ఆంప్‌తోనే నడుస్తాయి. 2020 అక్టోబరులో, వెతక్కుండానే వ్యాసాలు చూపే గూగుల్ డిస్కవర్‌లో వాటికి వరుస ఇచ్చిన మూడు దేశాల్లో మనదొకటి, అందుకే తెలుగులో అవి కుప్పలుగా పుట్టాయి. వాటి చిరునామాలను మళ్లింపు నుంచి మినహాయించాలి.

ఇంకొకటి దాదాపు ఎవరూ చూసుకోరు. డిస్కవర్‌లో వ్యాసం పక్కన పెద్ద బొమ్మ రావాలంటే బొమ్మ కనీసం 1200 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి, దాంతోపాటు పేజీ ఆంప్‌లోనైనా ఉండాలి, లేదా సెర్చ్ సంస్థలకు సూచనలిచ్చే రోబోట్స్ మెటా ట్యాగులో పెద్ద బొమ్మ చూపవచ్చని అనుమతైనా ఉండాలి. ఆంప్ తీసేస్తే మొదటిది పోతుంది, రెండోది లేకపోతే బొమ్మ తపాలా బిళ్లంత అయిపోతుంది, నొక్కేవాళ్లు తగ్గుతారు. ‘ఆంప్ తీసేశాక గూగుల్ మమ్మల్ని శిక్షించింది’ అని వాపోయేవాళ్లు ముందు దీన్ని చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్ 5.7 నుంచి ఈ అనుమతి తనంతటతానే చేరుతుంది. చేత్తో కట్టుకున్న సైట్లలో, పాత వర్డ్‌ప్రెస్‌లో మనమే చేర్చాలి. తీసేసిన కొత్తలో సందర్శకుల సంఖ్య కొంత తగ్గినట్టు కనిపిస్తే అది పైన చెప్పిన ఇద్దరుగా లెక్కపడ్డ ఒక మనిషి కూడా కావచ్చు. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో నొక్కుల సంఖ్యను చూడండి, గణాంకాల్లో మనుషుల సంఖ్యను కాదు.

ఇప్పుడు కొలతలు. పేజీలో అతి పెద్ద భాగం కనబడటానికి పట్టే సమయం రెండున్నర సెకన్లు దాటకూడదు. నొక్కిన దానికి పేజీ స్పందించడం 200 మిల్లీసెకన్ల లోపు జరగాలి (ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది). చదువుతుంటే పేజీలోని సరుకు అటూ ఇటూ జరగడానికి వేసే స్కోరు 0.1 మించకూడదు. ప్రతి నాలుగు రాకల్లో మూడైనా ఈ హద్దుల్లో ఉంటే మంచి పేజీ. ఇవి క్రోమ్ వాడేవాళ్ల నుంచి 28 రోజులపాటు పోగుచేసిన నిజమైన లెక్కలు. గూగుల్ పేజ్‌స్పీడ్ పరీక్షలో వచ్చే నూటికి ఇన్ని మార్కులు అనేది వేరు, అది ఒక ఊహాఫోను మీద ఒక్కసారి నడిపిన ప్రయోగం. దాన్ని నూరు చేయిస్తామని వేలకువేలు గుంజేవాళ్లున్నారు, ఇవ్వకండి. చిన్న సైట్లకు 28 రోజుల లెక్కకు సరిపడా సందర్శకులే ఉండరు, ‘తగినంత సమాచారం లేదు’ అని వస్తుంది. అలాంటివాళ్లు గూగుల్ ఉచితంగా ఇచ్చే వెబ్ వైటల్స్ చిన్న స్క్రిప్టును పేజీలో పెట్టుకుని, వచ్చే కొలతలను సొంతంగా రాసుకోవచ్చు.

తెలుగు పేజీ బరువు ఎక్కడుంటుంది? అక్షరాల్లో కాదు. వెయ్యి మాటల వ్యాసం, మాటకు సగటున ఎనిమిది సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు అనుకున్నా పాతిక కేబీ. సర్వర్లో కుదింపు పెట్టుకుంటే ఇంకా బాగా తగ్గుతుంది. ఫోన్లో తీసిన ఫొటో అలాగే ఎక్కిస్తే మూడు నాలుగు ఎంబీ, అంటే అలాంటి వ్యాసాలు వందకు పైగా. 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలిక బొమ్మల రూపంలో, నాణ్యత 75 దగ్గర భద్రపరిస్తే చాలా ఫొటోలు 200 కేబీ లోపు వస్తాయి. అన్ని బొమ్మలకూ ‘కిందికి జరిపాకే దించు’ అనే గుణం పెట్టే ప్లగిన్లు మొదటి బొమ్మకూ పెట్టేస్తాయి. మొదటి కొలత చెడేది చాలాసార్లు అక్కడే. మొదటి బొమ్మను మినహాయించండి.

ఫాంటు దగ్గర తెలుగువాళ్ల కష్టం ఇంగ్లిష్ సైట్లకు తెలియదు. వత్తులు, గుణింతాలు, సంయుక్తాలు కలిపి తెలుగు ఫాంటులో రూపాలు ఎక్కువ, ఫైలు పెద్దది. మామూలు టీటీఎఫ్ ఫాంటు ఫైలును అలాగే పెట్టినవాళ్లు దాన్ని వెబ్ కోసం కుదించిన వాఫ్2 రూపంలోకి మారిస్తేనే బరువు బాగా దిగుతుంది. ఇంకా తగ్గించాలని అక్షరాలను ఏరి చిన్న ఫాంటు చేసేటప్పుడు, కూర్పు నియమాల పట్టికలన్నీ ఉంచమని పనిముట్టుకు చెప్పాలి. ఆ పట్టికలు పోతే ‘స్త్రీ’ విడిపోయి ‘స్‌త్‌రీ’ అవుతుంది, క్షమాపణలో ‘క్ష’ ముక్కలవుతుంది. యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు తీసుకుంటే చాలదు. ‘వెబ్‌సైట్’ లాంటి మాటల్లో పొల్లును నిలబెట్టే కనపడని అక్షరం 200సీ, దాని పక్కది 200డీ, అంకెలు, విరామ చిహ్నాలు కూడా కావాలి. ఫాంటు దిగేలోపు ఫోన్లోని ఫాంటుతో చూపించి తర్వాత మార్చే పద్ధతి మంచిదేగానీ, రెండు తెలుగు ఫాంట్ల ఎత్తులు ఒకటి కావు. మారిన క్షణంలో పేరాలన్నీ జరిగి మూడో కొలత చెడుతుంది. వరుసల ఎత్తును 1.7 దగ్గర స్థిరంగా పెట్టి, తాత్కాలిక ఫాంటుకు పరిమాణపు సవరణ ఇస్తే ఆ జరుగుడు తగ్గుతుంది. మా మాట అడిగితే, వ్యాసంలోని ప్రధాన పాఠానికి ఫోన్‌తో వచ్చే ఫాంటే చాలు. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు ఉంటుంది, ఒక్క బైటూ దించక్కర్లేదు. అందమైన ఫాంటు శీర్షికలకు ఉంచుకోండి.

ప్రకటన గడికి ముందే ఎత్తు కేటాయించండి. 300కు 250 ప్రకటన అయితే 250 పిక్సెళ్లు ఖాళీగా ఉంచాలి, ప్రకటన రాకపోయినా సరే. యూట్యూబ్ వీడియోను నేరుగా పొదగకుండా ఒక బొమ్మ పెట్టి, నొక్కాకే వీడియో దింపండి. సర్వర్ మొదటి బైటు 0.8 సెకన్లలో రావాలి. చవక హోస్టింగ్‌లో పేజీని ప్రతిసారీ కొత్తగా వండుతుంటే రాదు, వండినదాన్ని దాచి ఇచ్చే ఏర్పాటు కావాలి. సర్వర్ అమెరికాలో ఉంటే హైదరాబాదు పాఠకుడికి ఒక్కో రాకపోకకు దాదాపు పావు సెకను పోతుంది, లంకె కుదరడానికే అవి రెండు మూడు పడతాయి. సర్వర్‌ను ఇక్కడికి తెస్తే డల్లాస్‌లోని తెలుగువాళ్లకు అదే బాధ. పాఠకులు రెండుచోట్లా ఉన్న సైట్లకు, పేజీ నకళ్లను పలుచోట్ల సర్వర్లలో ఉంచి దగ్గరి చోటు నుంచి ఇచ్చే సీడీఎన్ తప్పదు, ఉచితంగా దొరికేవే చిన్న సైట్లకు సరిపోతాయి.

ఇవన్నీ చేస్తే ర్యాంకు వస్తుందా? దాన్నిబట్టే రాదు. విషయం సరిగ్గా ఉన్న నెమ్మది పేజీని కూడా పైన చూపుతామని గూగుల్ మార్గదర్శకాలే అంటున్నాయి. కానీ ఈ పని మన సొంత పేజీ మీద చేసింది, రేపు గూగుల్ ఏం మార్చినా మనకే మిగులుతుంది. ఆంప్ మీద పడ్డ చాకిరీ అలా మిగల్లేదు. ఇన్‌స్టంట్ ఆర్టికల్స్‌ను ఫేస్‌బుక్ 2023 ఏప్రిల్‌లో ఆపేసింది, దానికోసం విడి ఫీడులు కట్టుకున్నవాళ్లకూ ఏమీ మిగల్లేదు. చైనాలో బైడూ 2016లో, రష్యాలో యాండెక్స్ 2017లో ఇలాంటి సొంత పద్ధతులే తెచ్చాయి. అందుకని ఏ సెర్చ్ సంస్థ అయినా కొత్త పద్ధతి తెచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోమంటాం: పేజీ ఎవరి చిరునామాలో తెరుచుకుంటుంది, దిద్దుబాటు ఎంతసేపట్లో పాఠకుడికి చేరుతుంది, ఆ పద్ధతి ఆగిపోతే పాత లింకులు ఎటు పోతాయి.

చివరగా మీ పత్రికకూ, మిగతా తెలుగు పత్రికల వెబ్ విభాగాలకూ ఒక విన్నపం. చిన్న సైట్లలోని వ్యాసాన్ని ఉటంకించి లింకు ఇచ్చేటప్పుడు, ఫోన్లో సెర్చ్ నుంచి కాపీ చేసిన ఆంప్ లింకును అలాగే పెట్టేస్తున్నారు. చిరునామా గడిలో గూగుల్ పేరుగానీ, చివర ఆంప్ తోకగానీ కనిపిస్తే, పేజీలోని అసలు లింకును నొక్కి, ఆ సైటు సొంత చిరునామాను తీసుకుని వేయండి. మీ పాత వ్యాసాల్లోని అలాంటి లింకులను డేటాబేస్‌లో వెతికి మార్చడం ఒక పూట పని.

ఇట్లు,
తెలుగు వెబ్‌సైట్ల నిర్వహణ పనిలో ఉన్న కొందరు,
హైదరాబాదు, విజయవాడ